గుంతలు తీసే డిగ్గర్: ట్రాక్టర్‌కు తగిలించడం, విప్పడం, కొట్టంలో నిలబెట్టడం

ఎండలు ముదిరేసరికి మా అనంతపురం పల్లెల్లో ఒకే ప్రశ్న పదిమంది నోట వింటాను. చీనీకో, దానిమ్మకో గుంతలు తీయాలి. లేదంటే తోట చుట్టూ రాతి కూసాలు నాటి కంచె కట్టాలి. డిగ్గర్ ఉంది, ట్రాక్టర్ ఉంది. కానీ "అన్నా, దాన్ని తగిలించడానికే నలుగురం పొద్దంతా పడ్డాం. సులువుగా ఎట్లా?" అని అడుగుతారు.

గొర్రునైనా, గుంటకనైనా నేల మీద దించితే దించిన చోటే ఉంటుంది. డిగ్గర్ అట్లా ఉండదు. దాని దూలం ఒక కీలు మీద కదులుతుంది, గేర్‌బాక్స్ ఇంకో కీలు మీద ఊగుతుంది, దాని కింద మట్టిని తొలిచే మరమేకు లాంటి ఆగర్ వేలాడుతుంది. విప్పి నేల మీద పడుకోబెడితే ఒక్కో భాగం ఒక్కో దిక్కుకు వాలిపోతుంది. మళ్లీ తగిలించేటప్పుడు రెండు క్వింటాళ్ల ఇనుమును చేతులతో ఎత్తి, పిన్ను రంధ్రాలు కలపాల్సి వస్తుంది. వేళ్లు నలిగేది అక్కడే.

కాబట్టి నా జవాబు ఒకటే. తగిలించే కష్టమంతా విప్పిన రోజే తయారవుతుంది. పని చేసేటప్పుడు డిగ్గర్ ఎలా నిలబడి ఉంటుందో, అలాగే నిలబెట్టి విప్పండి. మళ్లీ ఏడాదికి ట్రాక్టర్‌ను వెనక్కి తోలి, మూడు పిన్నులు వేసుకుని పోవచ్చు. కింద చెప్పే పద్ధతి అంతా ఇందుకోసమే.

1. ఏ భాగాన్ని ఏమంటున్నాను

ట్రాక్టర్ వెనక పనిముట్టు తగిలించే మూడు చేతులను లింకులంటాం. పైది టాప్ లింక్, మిగతా రెండూ కింది లింకులు. మన దగ్గర ఎక్కువగా కనిపించే మోడల్‌లో పొడవాటి ఇనుప దూలం ఒకటి ఉంటుంది. దాని ముందు చివర ట్రాక్టర్ టాప్ లింక్ తగిలించే చోట పిన్నుతో బిగుస్తుంది. దూలానికి మధ్యలో ఒక కవ (పంగ) లాంటి ఫ్రేము ఉంటుంది. దాని రెండు కాళ్లూ ట్రాక్టర్ కింది లింకులకు తగులుతాయి. దూలం వెనక చివర గేర్‌బాక్స్, దాని కింద ఆగర్. కొందరు దాన్ని బిట్టు అంటారు. ట్రాక్టర్ వెనక ఇంజిన్ బలంతో తిరిగే పళ్ల కొసను పీటీవో అంటారు. అక్కడి నుంచి గేర్‌బాక్స్‌కు వచ్చేది షాఫ్ట్.

కొన్ని మోడళ్లకు ముందు పూర్తి మూడు లింకుల ఫ్రేమే ఉంటుంది. వాటికి మామూలు పనిముట్లకు వాడినట్టే టాప్ లింక్ వాడాలి. మిగతా వరుస మారదు.

2. ట్రాక్టర్‌ను సిద్ధం చేయడం

ఈ పనులు డిగ్గర్ దగ్గరికి పోకముందే ముగించండి. రెండింటి మధ్య నిలబడి కొక్కేలు విప్పుకునే పరిస్థితి రాకూడదు.

- ట్రాలీ కొక్కెం, డ్రాబార్ తీసేయండి. ఆగర్ లోతుకు దిగినప్పుడు షాఫ్ట్ వాటికి తగిలే అవకాశం ఉంది.
- టాప్ లింక్ విప్పి టూల్ బాక్సులో పెట్టండి. దూలం నేరుగా తగిలే మోడల్‌కు అది అవసరం లేదు.
- హైడ్రాలిక్ పొజిషన్ కంట్రోల్ లివర్‌తో (పెట్టిన ఎత్తులోనే నిలిపేది) నడవాలి. మడక దున్నినప్పటి డ్రాఫ్ట్ సెట్టింగ్‌లోనే (నేల లాగుడును బట్టి తనంతట తానే లేపి దించేది) వదిలేస్తే డిగ్గర్ ఉన్నట్టుండి లేస్తుంది, పడుతుంది.
- పీటీవో లివర్ న్యూట్రల్‌లో ఉందా చూడండి. రెండు మూడు రకాల పీటీవో ఉన్న ట్రాక్టర్ అయితే నిమిషానికి 540 చుట్లు తిరిగేది ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. చక్రం వేగంతో తిరిగే రకాన్ని దీనికి వాడకూడదు.
- చెక్ చైన్లు (కింది లింకులు పక్కకు ఊగకుండా ఆపే గొలుసులు) వదులు చేయండి. తగిలించాక బిగిద్దాం.
- పీటీవో పళ్ల మీది దుమ్ము గుడ్డతో తుడిచి, పలచగా గ్రీజు పూయండి.

పిన్నుల సైజు ముందే సరిచూసుకోండి. మూడు లింకుల పనిముట్లకు ఎక్కువగా రెండు కొలతలు వాడుకలో ఉన్నాయి. మొదటి కేటగిరీలో కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, పై పిన్ను 19 మిల్లీమీటర్లు. రెండో కేటగిరీలో కింది పిన్ను 28, పైది 25. పెద్ద రంధ్రంలో చిన్న పిన్ను పెట్టి "సరిపోతుందిలే" అనుకుంటే నెల తిరక్కుండానే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో అరిగిపోతుంది. లింకు రంధ్రాలకు తొడిగే బుష్‌లు దొరుకుతాయి. అవి వేయించుకోండి.

ఇక ఒంటి మీది బట్టలు. లుంగీ, పంచె, భుజం మీద తువ్వాలు, మెడలో వేలాడే తాడు ఇవేవీ ఈ పనికి పనికిరావు. పీటీవో నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. తువ్వాలు కొస చుట్టుకుంటే, అరే అని అరిచేలోపు మనిషి షాఫ్ట్ మీదికి వచ్చేస్తాడు. ప్యాంటు, ఒంటికి పట్టిన చొక్కా, కట్టు బూట్లు వేసుకోండి. ఆడవాళ్లు గుంతల దగ్గర సాయంగా ఉంటే కొంగు, జడ లోపలికి దోపుకోవాలి. అయినా తిరుగుతున్న యంత్రానికి కనీసం పది అడుగుల దూరంలో ఉండాలి.

3. తగిలించే వరుస

డిగ్గర్ స్టాండులో నిలబడి ఉందనుకుని చెబుతున్నాను. ఈ ఏడాదికి స్టాండు లేకపోతే 8వ భాగంలో తాత్కాలిక మార్గం రాశాను. అది చదివి మళ్లీ ఇక్కడికి రండి.

మొదటి అడుగు: ట్రాక్టర్‌ను నెమ్మదిగా, వంకర లేకుండా వెనక్కి తోలండి. కింది లింకుల కొసలు ఫ్రేము పిన్నులకు జానెడు దూరంలోకి వచ్చాక ఆగి, లివర్‌తో వాటి ఎత్తు సరిచేసుకోండి. తర్వాత ఆ జానెడూ తోలండి. ఈ సమయంలో వెనకాల మనిషి ఉండకూడదు. సైగ చేసేవాడు పక్కన, డ్రైవరుకు కనిపించే చోట నిలబడాలి.

రెండో అడుగు: ఇంజిన్ ఆపండి. బ్రేకు లాక్ చేయండి. తాళంచెవి జేబులో వేసుకుని దిగండి. నేను ఈ తాళంచెవి మాట ప్రతిసారీ చెబుతాను. మీరు వెనక వంగి ఉన్నప్పుడు పిల్లోడు సీటెక్కి స్టార్ట్ చేసే ప్రమాదం మన ఇళ్లలో నిజంగా ఉంది.

మూడో అడుగు: ముందు ఎడమ కింది లింకు తగిలించి, పెద్ద పిన్ను ఊడకుండా ఆపే చిన్న లించ్ పిన్ వేయండి. తర్వాత కుడిది. చాలా ట్రాక్టర్లలో కుడి లింకును ఎత్తుకూ దించుకూ తిప్పే హ్యాండిల్ ఉంటుంది. అందుకే దాన్ని రెండోది చేసుకోవాలి. ఎడమది కదలకుండా కూర్చున్నాక కుడిదాన్ని హ్యాండిల్‌తో రంధ్రానికి సరిగ్గా తేవచ్చు. రంధ్రం కలిసిందో లేదో వేలు పెట్టి చూడకండి, గునపం కొసో, పాత స్క్రూడ్రైవరో పెట్టి చూడండి.

నాలుగో అడుగు: దూలం ముందు చివరను టాప్ లింక్ బ్రాకెట్‌లోకి తెచ్చి పిన్ను వేయండి. బ్రాకెట్‌కు రెండు మూడు రంధ్రాలుంటే కంపెనీ పుస్తకంలో చెప్పిన రంధ్రమే వాడండి. రంధ్రం మారితే ఆగర్ లేచే ఎత్తు, దిగే లోతు రెండూ మారతాయి.

ఐదో అడుగు: చెక్ చైన్లు బిగించండి. ఫ్రేమును చేత్తో పక్కకు నెడితే రెండు వేళ్ల కంటే ఎక్కువ కదలకూడదు. ఇవి వదులుగా ఉంటే రాయి తగిలినప్పుడల్లా డిగ్గర్ పక్కకు ఊగి, వెనక టైరును గీరుతుంది. గుంత కూడా గుండ్రంగా రాదు.

ఆరో అడుగు: షాఫ్ట్. ఇది కొత్త షాఫ్ట్ అయినా, డిగ్గర్‌ను వేరే ట్రాక్టర్‌కు తగిలిస్తున్నా ఇక్కడ ఆగండి. తర్వాతి భాగం పూర్తిగా చదవకుండా షాఫ్ట్ వేయకండి.

4. షాఫ్ట్ పొడవు సరిచూడటం

నేను ఎక్కువ నష్టపోయింది ఈ ఒక్క పనిలోనే. కొన్న రోజు షాఫ్ట్ తగిలింది కదా అని లిఫ్ట్ ఆడించాను. దూలం కదులుతుండగా వెనకనుంచి కిర్రుమని సన్నని చప్పుడు వచ్చింది. ఆగర్ గీరుకుంటోందనుకుని పట్టించుకోలేదు. మర్నాడు పొద్దున చూస్తే పీటీవో మూతి కింద మట్టిలో అరచేయంత నల్లటి మరక. షాఫ్ట్ పొడవు ఎక్కువై, లోపలి గొట్టం చివరిదాకా పోయి గుద్దుకుంది. ఆ బలం పీటీవో బేరింగ్ మీద, ఆయిల్ సీల్ మీద పడింది. వెనక భాగమంతా విప్పించాల్సి వచ్చింది.

దూలం లేస్తూ దిగుతూ ఉంటే పీటీవోకూ గేర్‌బాక్స్‌కూ మధ్య దూరం మారుతూ ఉంటుంది. ఎక్కడ దగ్గరవుతుంది, ఎక్కడ దూరమవుతుంది అనేది మోడల్‌ను బట్టి, ట్రాక్టర్‌ను బట్టి మారుతుంది. అందుకే కొలిచే చూడాలి.

- షాఫ్ట్ రెండు ముక్కలను విడదీయండి. ఇంకా తగిలించకండి.
- డిగ్గర్ స్టాండులో ఉంటే, దూలాన్ని స్టాండుకు పట్టి ఉంచే స్టాండు పిన్ను ముందు తీయండి. పీటీవో న్యూట్రల్‌లో ఉంచి, ఇంజిన్ మీద దూలాన్ని కొంచెం కొంచెంగా లేపుతూ నాలుగైదు చోట్ల ఆపండి. ఆపిన ప్రతిసారీ ఇంజిన్ ఆపి, దూలం కింద గట్టి చెక్క దిమ్మె పెట్టి, పీటీవో కొస నుంచి గేర్‌బాక్స్ కొస వరకు టేపుతో కొలవండి. ఒక్క హైడ్రాలిక్ మీద ఆధారపడి కిందికి దూరకండి.
- అన్నిటికంటే తక్కువ కొలత వచ్చిన చోట దూలాన్ని ఆపి, దిమ్మె పెట్టి, రెండు ముక్కలను వాటి వాటి వైపు తగిలించి పక్కపక్కన పట్టుకోండి. రెండు వైపులా లోపల ఇంకా అంగుళం నుంచి అంగుళంన్నర ఖాళీ మిగలాలి. మిగలకపోతే ఎంత కోయాలో సుద్దముక్కతో గుర్తు పెట్టండి.
- లోపలి గొట్టాన్ని, బయటి గొట్టాన్ని, రెండు ప్లాస్టిక్ కవర్లను ఒకే కొలతకు కోయాలి. ఒక్కదాన్నే కోస్తే లాభం లేదు.
- కోసిన అంచులను ఆకురాయితో నునుపు చేసి, ఇనుప రజను తుడిచి, గ్రీజు పూసి కలపండి.
- ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ దూరం వచ్చిన చోట చూడండి. రెండు గొట్టాలు ఒకదానిలో ఒకటి 15 సెంటీమీటర్లకు తగ్గకుండా ఉండాలి. గొట్టం పొడవులో మూడో వంతు ఉంటే ఇంకా మంచిది. అంతకంటే తక్కువైతే తిరుగుతుండగా ఊడి వచ్చి, ఇనుప కర్రలా కొడుతుంది. అలాంటి షాఫ్ట్‌ను వాడకండి, పొడవైనది తెచ్చుకోండి.

కోసేది లేత్ షాపులోనే చేయించండి, కానీ కొలత మాత్రం మీ ట్రాక్టర్ దగ్గర మీరే తీసుకుని పోండి. షాపువాళ్లకు మీ ట్రాక్టర్ ఎత్తు తెలియదు కదా.

కలిపేటప్పుడు ఇంకొకటి చూడాలి. షాఫ్ట్ రెండు చివర్ల క్రాస్‌లను (షాఫ్ట్ వంగుతూ తిరగడానికి వీలిచ్చే కీళ్లు) పట్టుకున్న లోపలి ఫోర్కులు రెండూ ఒకే వరసలో ఉండాలి. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా ఉంటే షాఫ్ట్ వణుకుతుంది. క్రాస్ బేరింగులు త్వరగా పోతాయి.

పీటీవోకు తొడిగాక లాక్ టక్కుమని పడాలి. పడ్డాక షాఫ్ట్‌ను చేత్తో గట్టిగా వెనక్కి లాగి చూడండి. రాకపోతేనే పడినట్టు. ప్లాస్టిక్ కవర్‌కు ఉన్న చిన్న గొలుసును కదలని భాగానికి కట్టండి. కవర్ తిరగకూడదు, లోపల షాఫ్ట్ మాత్రమే తిరగాలి. కవర్ పగిలితే కొత్తది కొనండి. అది లేకుండా ఒక్క గుంత కూడా తీయొద్దు.

ఈ కొలతలు చేసి చూపించేవాళ్లు కావాలంటే మన జిల్లాలోనే గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టర్లు, పనిముట్ల వాడకం, నిర్వహణ మీద అక్కడ రైతులకు శిక్షణ ఇస్తారు.

5. తగిలించాక మొదటి పది నిమిషాలు

గేర్‌బాక్స్‌లో ఆయిల్ మట్టం చూడండి. కంపెనీ వేరే చెప్పకపోతే చాలావాటిలో 90 నంబర్ గేర్ ఆయిలే వాడతారు. మట్టం చూసేటప్పుడు ఆగర్ నిటారుగా ఉండాలి. వాలి ఉంటే తప్పు చూపిస్తుంది. క్రాస్‌లకు గ్రీజు గన్ వేయండి.

తర్వాత స్టాండు పిన్ను తీసి, డిగ్గర్‌ను జానెడు ఎత్తు లేపి, ట్రాక్టర్‌ను ముందుకు తోలి బయటికి రండి. చుట్టూ ఖాళీ ఉన్న చోట ఇంజిన్ నిదానం మీద పీటీవో వేసి, రెండు నిమిషాలు వినండి. తిరుగుడు నునుపుగా ఉండాలి. టకటకమంటే కోణం ఎక్కువైనట్టు. కొంచెం దించి చూడండి. పొలంలో ఒక గుంత నుంచి ఇంకో గుంతకు పోయేటప్పుడు పీటీవో ఆపే పోవాలి. దూలం పూర్తిగా లేపినప్పుడు షాఫ్ట్ బాగా వంగుతుంది. ఆ వంపులో తిప్పితే క్రాస్‌లు విరుగుతాయి.

6. పొలంలో: కొద్ది మాటలే

గుంతలు తీయడం వేరే పాఠం. కానీ తప్పుగా తవ్వితే తగిలించిన శ్రమంతా గంటలో పోతుంది కాబట్టి ఇవి గుర్తుంచుకోండి.

బోరు నుంచి పోయే పైపు, డ్రిప్ మెయిన్ లైను, మోటారు కేబుల్ ఎక్కడున్నాయో ముందే సున్నంతో గీత గీయండి.

ఒకేసారి లోతుకు దించకండి. అరడుగు దించండి, పైకి లేపి మట్టి విదల్చండి, మళ్లీ అరడుగు. రేస్ తక్కువగా ఉంచండి. ముంగారు వాన పడ్డ మర్నాడు తడి ఎర్రమట్టిలో ఆగర్‌ను వదిలేస్తే మరమేకులాగా తనంతట తానే దిగిపోతుంది. ఆ తర్వాత లిఫ్ట్ దాన్ని లేపలేదు.

అలా ఇరుక్కుంటే లిఫ్ట్‌తో కుస్తీ పట్టకండి. రివర్స్ పీటీవో ఉన్న ట్రాక్టర్ అయితే నిదానంగా వెనక్కి తిప్పవచ్చు. ముందు మీ గేర్‌బాక్స్ దానికి ఒప్పుకుంటుందో లేదో పుస్తకంలో చూడండి. లేకపోతే పీటీవో ఆపి, ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి, పెద్ద పైపు రెంచ్‌తో ఆగర్‌ను వ్యతిరేక దిశలో చేత్తో తిప్పి వదులు చేయండి. రెంచ్ తీసి పక్కన పెట్టాకే ఇంజిన్ స్టార్ట్ చేయాలి.

మన గరుసు నేలల్లో రెండడుగుల కింద సుద్దో, బండో తగిలి ఆగర్ దిగదు. అప్పుడు బరువు కోసం దూలం మీద మనిషిని నిలబెడుతున్నారు. దయచేసి ఆ పని చేయకండి. కాలు జారితే పడేది తిరిగే షాఫ్ట్ మీదే. ఆగర్ పళ్లు అరిగాయేమో చూడండి, గుంతలో ఒక బిందె నీళ్లు పోసి రాత్రంతా నాననివ్వండి, అప్పటికీ దిగకపోతే గడ్డపారతో పగలగొట్టండి.

నల్లరేగడిలో ఇంకో సమస్య. తేమ మీద తీస్తే ఆగర్ గుంత గోడను కుండలాగా నునుపు చేస్తుంది. చీనీ వేరు ఆ గోడ దాటలేక లోపలే చుట్టుకుంటుంది. నాటే ముందు గోడలను గడ్డపారతో గీరాలి.

7. షియర్ బోల్టు విరిగితే

బండ తగిలినప్పుడు గేర్‌బాక్స్ పగలకుండా తాను విరగడానికే ఆ బోల్టు ఉంది. అది మెత్తగా ఉండాలి. విసుగొచ్చి గట్టి బోల్టు వేస్తే దాని బదులు గేరు విరుగుతుంది.

ఒకసారి మా డిగ్గర్‌ను పక్క ఊరికి బాడుగకు పంపితే, బోల్టు రెండుసార్లు విరిగిందని అక్కడి డ్రైవరు సైకిల్ షాపులో దొరికిన గట్టి బోల్టు వేశాడు. సాయంత్రానికి గేర్‌బాక్స్ మొరాయించింది. విప్పి ఆయిల్‌ను పళ్లెంలోకి వంచితే, అడుగున చిటికెన వేలి గోరంత గేరు పళ్ల ముక్కలు నాలుగు కనిపించాయి. అప్పటినుంచి కంపెనీ చెప్పిన గ్రేడు బోల్టులు పది, వాటి నట్లతో సహా చిన్న డబ్బాలో పెట్టి, టూల్ బాక్సులో ఉంచే పంపుతున్నాను.

కొత్త బోల్టు వేసే ముందు విరిగిన ముక్క రంధ్రంలో మిగిలి ఉందేమో చూసి, పంచ్‌తో కొట్టి తీయండి.

8. నిలబెట్టే స్టాండు

స్టాండు వెల్డింగ్ షాపులో ఒక పూటలో అవుతుంది. కొత్త ఇనుమే కావాలని లేదు. పాత బోరు పైపు, రెండంగుళాల జీఐ పైపు, మందపాటి యాంగిల్ ఏదైనా చాలు. నమూనా ఇలా ఉండాలి:

- అడుగు ఫ్రేము కనీసం 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. ముందువైపు తెరిచే ఉండాలి, ట్రాక్టర్ లింకులు లోపలికి రావాలి కాబట్టి.
- వెనక రెండు నిలువు కంబాలు, వాటి మీద దూలం కూర్చునే గాడి. గాడికి అడ్డంగా ఒక పిన్ను. ఇదే స్టాండు పిన్ను.
- ముందు కవ ఫ్రేము కింద చిన్న కాలు. కింది లింకు పిన్నులు మీ ట్రాక్టర్ లింకులకు అందే ఎత్తులో నిలవాలి.
- ఆగర్ మొన కూర్చోవడానికి చెక్క దిమ్మెలో చిన్న గుంట.
- నిలువు కంబాలకు వాలుగా ఊతాలు. ఇవి లేకుండా వద్దు.

కొలతలు నావి రాసుకుని షాపుకు పోతే ఉపయోగం లేదు. డిగ్గర్‌ను మీ ట్రాక్టర్‌కు తగిలించి, చదునైన గచ్చు మీద, ఆగర్ మొన నేలకు ఆనీ ఆననట్టు ఆపండి. ఇంజిన్ ఆపి, దూలం కింద దిమ్మెలు పెట్టాక నేల నుంచి గాడి వరకు, నేల నుంచి కింది పిన్నుల వరకు టేపుతో కొలిచి రాసుకోండి. ఆ రెండు అంకెలే స్టాండుకు ప్రాణం.

స్టాండు లేనివాళ్లకు తాత్కాలిక మార్గం: కొట్టం పక్కన, నీళ్లు నిలవని చోట, అదే డిగ్గర్‌తో రెండడుగుల గుంత తీసి, ఆగర్‌ను అందులోనే ఉంచి విప్పడం. చుట్టూ మట్టి పట్టుకుంటుంది కాబట్టి డిగ్గర్ పడదు. దూలం కింద రాళ్లు కాదు, చెక్క దిమ్మెలు పేర్చాలి. వారం పది రోజులకైతే ఇది పరవాలేదు. సీజనంతా ఉంచితే మట్టి తేమకు ఆగర్ తుప్పు పడుతుంది. ఏటా ఇదే చేసేవాళ్లు గుంతలో ఒక సిమెంటు రింగు దించి, అడుగున కంకర పోసుకుంటే మేలు. డిగ్గర్ తీసిన రోజు ఆ గుంత మీద నాపరాయి కప్పడం మరిచిపోకండి. పసిపిల్లలు, మేకపిల్లలు పడతాయి. పొలంలో తీసి నాటకుండా వదిలిన గుంతలకూ ఇదే జాగ్రత్త.

కొందరు వేపచెట్టు కొమ్మకు చైన్ బ్లాక్ కట్టి వేలాడదీస్తారు. ఎత్తడానికి బాగుంటుంది, కానీ నెలల తరబడి అలా వదలడం నాకు నచ్చదు. కొమ్మలో పుచ్చు బయటికి కనిపించదు.

9. విప్పే వరుస

1. ఆగర్ మట్టిని పొలంలోనే గీరేయండి.
2. డిగ్గర్‌ను లేపి, స్టాండులోకి నేరుగా వెనక్కి తోలండి. దూలం గాడి మీదికి వచ్చాక నెమ్మదిగా దించండి.
3. ఇంజిన్ ఆపండి, బ్రేకు, తాళంచెవి జేబులోకి. స్టాండు పిన్ను వేయండి.
4. దూలాన్ని చేత్తో ఊపి చూడండి. బరువంతా స్టాండు మీదే ఉండాలి. లింకుల మీద ఇంకా బరువుంటే పిన్ను రాదు, సుత్తితో కొడితే ఎగిరి ముఖం మీదికి వస్తుంది. మళ్లీ సీటెక్కి అంగుళం దించండి.
5. ముందు షాఫ్ట్ విప్పండి. చాలామంది దీన్ని మరిచి ట్రాక్టర్‌ను ముందుకు తోలి, షాఫ్ట్‌ను పీకేస్తారు.
6. తర్వాత పై పిన్ను, కుడి లింకు, చివర ఎడమ లింకు.
7. పిన్నులన్నీ వాటి రంధ్రాల్లోనే తిరిగి వేసి, లించ్ పిన్‌లు పెట్టండి. పిన్నులు జేబులో ఇంటికి పోతే వచ్చే వేసవికి దొరకవు.
8. ట్రాక్టర్ ముందుకు తోలే ముందు ఒక్కసారి చుట్టూ తిరిగి చూడండి.

10. సీజన్ అయిపోయాక దాచడం

గుంతల పని వేసవిలో రెండు మూడు నెలలే. మిగతా ఏడాదంతా డిగ్గర్ కొట్టంలో ఉంటుంది. అది పాడయ్యేది ఎక్కువగా అప్పుడే.

ఎర్రమట్టి ఎండితే గట్టి పెచ్చులా అంటుకుని, లోపల తేమను పట్టి ఉంచుతుంది. కడిగి, ఒక రోజంతా ఎండలో ఆరనివ్వండి. నీళ్లు గేర్‌బాక్స్ సీళ్ల మీదికి, క్రాస్‌ల మీదికి నేరుగా కొట్టకండి. ఆరాక ఆగర్ రెక్కలకు, పళ్లకు బ్రష్‌తో పాత ఇంజిన్ ఆయిల్ పలచగా పూయండి. కింద గోనెసంచి పరిస్తే చుక్కలు నేలలోకి పోవు.

- షాఫ్ట్‌ను విడిగా, కొట్టం లోపల గోడకు రెండు మేకుల మీద అడ్డంగా పెట్టండి. గొట్టం లోపల గ్రీజు పూసి, రెండు చివర్లకూ ప్లాస్టిక్ కవరు కట్టండి. కందిరీగలు మట్టిగూడు పెట్టేది ఈ గొట్టాల్లోనే.
- గేర్‌బాక్స్ మీద గాలి రంధ్రం ఉన్న బిరడాను తుడవండి. అది మూసుకుపోతే వేడికి గాలి బయటికి పోలేక ఆయిల్ సీల్ దగ్గర కారుతుంది.
- ఆయిల్‌ను వేలికి రాసుకుని చూడండి. పాలలాగా తెల్లగా ఉంటే నీళ్లు చేరినట్టు, మార్చండి. ఇసుకలా తగిలితే గేరో, బేరింగో అరుగుతోంది, మెకానిక్‌కు చూపించండి.
- యూరియా, డీఏపీ బస్తాల పక్కన ఏ ఇనుమూ పెట్టకండి. ఎరువు ఉప్పుకు తుప్పు తొందరగా పడుతుంది.
- స్టాండును మట్టి నేల మీద కాకుండా నాపరాళ్ల మీద నిలబెట్టండి. చెక్క దిమ్మెకు చెదలు పట్టకుండా ఉంటుంది.
- దూలాన్ని గోడ కొక్కేనికి గొలుసుతో కట్టండి. పిల్లలు ఎక్కి ఊగినా పడకూడదు.

చోటు తక్కువైతే ఆగర్‌ను బోల్టులు విప్పి వేరుగా పడుకోబెట్టవచ్చు. అప్పుడు డిగ్గర్ బరువు తగ్గుతుంది కానీ, స్టాండులో నిలకడ కూడా మారుతుంది. ఆగర్ లేకుండా దూలం ఏ వైపు వాలుతుందో చూసి, ఆ వైపు గొలుసు వేయండి.

11. తరచుగా వచ్చే తప్పులు, వాటికి మందు

పై పిన్ను రంధ్రాలు కలవడం లేదు. ట్రాక్టర్, స్టాండు ఒకే మట్టంలో లేవు. డిగ్గర్‌ను నెట్టకండి. ట్రాక్టర్‌ను బయటికి తీసి మళ్లీ నేరుగా తోలండి. రెండోసారి కలుస్తుంది.

ఆగర్ నిటారుగా దిగడం లేదు. పక్కకు వాలుతుంటే కుడి లింకు హ్యాండిల్‌తో సరిచేయండి. ముందుకో వెనక్కో వాలుతుంటే ట్రాక్టర్‌ను బెత్తెడు జరపాలి. గుంతలో ఆగర్ ఉండగా మాత్రం జరపొద్దు. దూలం వంగిపోతుంది.

లిఫ్ట్ లేపుతుంది కానీ నిలపడం లేదు, మెల్లగా దిగుతుంది. ట్రాక్టర్ హైడ్రాలిక్ సీళ్లు చూపించండి. అప్పటిదాకా ఆ దూలం కిందికి ఎవరూ పోకూడదు.

షాఫ్ట్ పీటీవో నుంచి రావడం లేదు. ఎండలో పనిచేసిన వెంటనే ఇనుము వ్యాకోచించి పట్టేస్తుంది. చేతులూ కాలతాయి. అరగంట ఆగి, లాక్ నొక్కి, షాఫ్ట్‌ను అటూ ఇటూ కొంచెం తిప్పుతూ లాగండి. సుత్తితో క్రాస్ మీద కొట్టకండి.

ఏడాది తర్వాత ఆగర్ చేత్తో తిరగడం లేదు. పీటీవో వేసి బలవంతంగా తిప్పకండి. షాఫ్ట్ విప్పి, గేర్‌బాక్స్ ఇన్‌పుట్‌ను విడిగా తిప్పి చూడండి. అది తిరిగితే లోపం షాఫ్ట్‌లోనే ఉంది, క్రాస్‌లకు గ్రీజు ఎక్కించండి. తిరగకపోతే ఆయిల్ తీసి, కొత్తది పోసి, ఒక రాత్రి ఉంచి, పైపు రెంచ్‌తో ఆగర్‌ను రెండు వైపులా మెల్లగా కదిపి చూడండి. అప్పటికీ కదలకపోతే మూత విప్పించాల్సిందే. ఈ పరీక్ష ఫిబ్రవరిలోనే చేసుకోండి. ఏప్రిల్‌లో మెకానిక్ దొరకడు, బేరింగ్ దొరకదు.